ఏడేళ్ల తర్వాత కూడా ఏడుపొస్తే మీరు చెడ్డ తల్లి అయిపోరు

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. సెరెబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం. నిలబడలేడు, నడవలేడు, నాలుగైదు మాటలు తప్ప రావు, కానీ అన్నీ అర్థమవుతాయి. నేను ఉద్యోగం మానేసి వాడితోనే ఉంటున్నాను. ఎక్సర్‌సైజులు, కాళ్లూ చేతులూ వంకరపోకుండా స్ప్లింట్లు కట్టడం, తినిపించడం, ఎత్తుకుని తిప్పడం, రాత్రి రెండు మూడు సార్లు లేచి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, అన్నీ నేనే. నడుము నొప్పి ఎప్పుడూ ఉంటుంది. అందరూ నన్ను చాలా ధైర్యవంతురాలివి అంటారు. పోయిన వారం మా చెల్లెలు తన కొడుకు మొదటిసారి అడుగులు వేస్తున్న వీడియో పంపింది. ‘చాలా బాగుంది’ అని మెసేజ్ పెట్టి, బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను. ఇన్నేళ్లయినా నా కొడుకుని వాడున్నట్టుగా నేను ఒప్పుకోలేదా? ఒక్కోసారి వీడు పుట్టకపోయి ఉంటే నా జీవితం ఎలా ఉండేదో అని కూడా అనిపిస్తుంది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఉద్యోగానికి వెళ్లాను, దానివల్లేనేమో అన్న అనుమానం ఇప్పటికీ పోలేదు. మావారు మంచివారే కానీ వాడి గురించి మాట్లాడరు, ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తారు. పదకొండేళ్ల అమ్మాయి ఉంది, బంగారం, ఏ ఇబ్బందీ పెట్టదు. మా తర్వాత వాడికి అక్క ఉందిలే అన్నదొక్కటే ధైర్యం. నేను చెడ్డ తల్లినా?

జవాబు: కాదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీరు ఉత్తరమంతా ఆ చివరి ప్రశ్న కోసమే రాసినట్టుంది, దానికి జవాబు దొరికేదాకా నేను ఇంకేం చెప్పినా మీకు తలకెక్కదు.

మీ ఉత్తరంలో బాధ, అలసట ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మీరు ఆ రెండింటినీ విడదీయకుండా మొత్తాన్ని మీ గుణం మీదకి తోసేసుకున్నారు. బాధ తగ్గాల్సిన పని లేదు, అది వస్తూ పోతూ ఉంటుంది, ఉండనివ్వండి. అలసటను మాత్రం ఇలా వదిలేయడానికి వీల్లేదు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందు బాధ సంగతి. 1962లో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే అమెరికన్ కౌన్సెలర్, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి జీవితాంతం ఒక దుఃఖం వెంట ఉంటుందని, అది రోగం కాదని, అలాంటి పరిస్థితిలో ఉన్న మనిషికి సహజంగా కలిగే స్పందనేనని అన్నారు. డాక్టర్లూ కౌన్సెలర్లూ ‘మీరింకా ఒప్పుకోలేదు, ఒప్పుకోండి’ అని వాళ్ల వెంటపడటాన్నే ఆయన తప్పుబట్టారు. అరవై ఏళ్లు దాటిపోయింది, అయినా ఆ ‘ఒప్పుకోవడం’ అన్న పరీక్ష పెట్టి తల్లులని ఫెయిల్ చేసేవాళ్లు తగ్గలేదు. ఇప్పుడు మీకు మీరే ఆ పరీక్ష పెట్టుకుని మీరే సున్నా వేసుకున్నారు.

1981లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. అందులో తల్లిదండ్రులనీ సోషల్ వర్కర్లనీ విడివిడిగా అడిగారు, ఈ ప్రయాణంలో ఏ సమయాలు ఎక్కువ బాధపెడతాయి అని. మొదట్లో సమస్య తెలిసినప్పటి బాధ చాలా పెద్దదనీ తర్వాత్తర్వాత సర్దుకుంటుందనీ సోషల్ వర్కర్లు అనుకున్నారు. తల్లిదండ్రుల లెక్క వేరేగా వచ్చింది. తర్వాతి ఏళ్లలో వచ్చే బాధను బయటివాళ్లు బాగా తక్కువగా అంచనా వేస్తున్నారని తేలింది. ఈడు పిల్లలు నడిచే వయసు వచ్చినప్పుడు, మాట్లాడే వయసు వచ్చినప్పుడు, స్కూల్లో చేరేటప్పుడు, తనకన్నా చిన్నవాళ్లు తనని దాటి వెళ్లినప్పుడు, యుక్తవయసు వచ్చినప్పుడు అది మళ్లీ మళ్లీ లేస్తుంది. మీ చెల్లెలి వీడియోలో ఉన్నది సరిగ్గా ఇదే కదా. చిన్నవాడు, ఏడాది నిండీ నిండని వాడు, మీ వాడిని దాటి వెళ్లిపోయాడు. ఏడుపు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

మీ కొడుకు మీద ప్రేమ లేక వచ్చిన ఏడుపు కాదది. మీ బాబు నడవాలని మీరు కోరుకున్నారు, ఆ కోరిక తీరలేదు, వేరే బిడ్డ నడుస్తుంటే అది గుర్తొచ్చింది, అంతే. వాడిని ఇలాగే ప్రేమిస్తూ కూడా ఆ కోరిక కోసం ఏడవచ్చు. ఇది ఇంకా చాలాసార్లు వస్తుందని కూడా ఇప్పుడే చెబుతున్నాను, వాడి ఈడు పిల్లలు సైకిల్ నేర్చుకున్నప్పుడో, వాడికి గొంతు మారినప్పుడో, వాడి బావమరుదులూ మరదళ్లూ ఉద్యోగాల్లో చేరినప్పుడో. ముందే తెలిస్తే వచ్చినప్పుడు ‘అయ్యో, నేను మళ్లీ మొదటికొచ్చాను’ అని కంగారు పడరు.

మీ చెల్లెలితో మాత్రం ఒకసారి మాట్లాడండి. లేకపోతే రెండు మూడేళ్లలో ఏమవుతుందంటే, ఆమె తన కొడుకు ముచ్చట్లు మీ దగ్గర దాచడం మొదలుపెడుతుంది, మీరు అది గమనించి ఇంకా నొచ్చుకుంటారు, ఉన్న ఒక్క దగ్గరి మనిషీ దూరమైపోతుంది. ‘వీడియోలు ఆపొద్దే, నాకు చూడాలనే ఉంటుంది, కానీ చూస్తే సంతోషమూ ఏడుపూ రెండూ వస్తున్నాయి, వెంటనే జవాబివ్వకపోతే ఏమీ అనుకోకు’ అని చెప్పండి చాలు. అర్థం చేసుకోని చెల్లెళ్లు తక్కువ.

ఇక మీకు అసహ్యం కలిగించిన ఆ ఆలోచన. వీడు పుట్టకపోయి ఉంటే ఎలా ఉండేదో అన్నది. నిద్ర లేకుండా ఏళ్ల తరబడి ఒక్క చేతి మీద బండి లాగుతున్న ఎవరికైనా ఇంకో జీవితం గురించి ఊహ వస్తుంది, ఏ కష్టమూ లేని పిల్లల్ని పెంచే తల్లులకి కూడా వస్తుంది, వాళ్లు పైకి అనరు. బుర్రలోకి వచ్చిన ప్రతి ఆలోచనా మన కోరిక కాదు. మీరు రోజంతా చేస్తున్నదేమిటో చూడండి. నోట్లో చెంచా పెట్టి, పెదాలు మూసుకునేలా గడ్డం కింద వేలు ఆనించి, మింగాడో లేదో గొంతు వంక చూసి, మింగాక రెండో చెంచా. పొరబోతే ముందుకు వంచి పట్టుకుని, తేరుకున్నాక మళ్లీ మొదలు. ఇలా ఒక్క పూట తిండికి గంట పడుతుందని నాకు తెలుసు. రోజులో ఇన్నిసార్లు ఇది చేసే మనిషి మనసులోకి అరనిమిషం వచ్చిపోయిన ఊహని పట్టుకుని ఆ మనిషిని తూచకూడదు.

కానీ ఒకటి సూటిగా అడగాలి, దాచకుండా మీకు మీరు జవాబు చెప్పుకోండి. ఆ ఆలోచన ఎప్పుడైనా ‘నేను చచ్చిపోతే బాగుండు’ అనో, ‘నేనూ వాడూ ఇద్దరం లేకుండా పోతే అందరికీ పీడ వదులుతుంది’ అనో మారుతోందా? విసుగులో వాడిని గట్టిగా కుదిపేస్తానేమో, కొట్టేస్తానేమో అన్న భయం వేస్తోందా? అలా ఉంటే ఇది చదవడం ఇక్కడే ఆపి, వాడిని సురక్షితంగా పడుకోబెట్టి, మీవారికి గానీ చెల్లెలికి గానీ ఇప్పుడే ఫోన్ చేసి ‘నన్ను ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లండి’ అని చెప్పండి. అక్కడ సిగ్గుకి చోటు లేదు. అది జబ్బు, దానికి మందూ చికిత్సా ఉన్నాయి.

అలా లేకపోయినా మీరు డాక్టర్‌ని కలవాలనే నేనంటాను. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ మనసు బరువుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, వాడు నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, నేను దేనికీ పనికిరానన్న భావన, వీటిలో కొన్ని ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో వచ్చింది. డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లు ఈ తల్లుల్లో 29 శాతం, మామూలు తల్లుల్లో 19 శాతం అని తేలింది. అంటే ప్రమాదం ఎక్కువన్నది నిజమే, కానీ మిగతా 71 శాతం మందికి అలా లేదన్నదీ అంతే నిజం. ఇలాంటి బిడ్డ పుడితే తల్లి జీవితమంతా కుంగిపోయి ఉండాల్సిందే అన్నది అబద్ధం. కుంగిపోతుంటే ‘నా పరిస్థితే ఇంత’ అని సరిపెట్టుకోకుండా చూపించుకోవాలి.

ఎనిమిదో నెల దాకా ఉద్యోగం చేయడం వల్లేనేమో అన్నారు. ఈ నిందని మీ నెత్తిన మీరే పెట్టుకున్నారో, ఎవరైనా పెట్టారో నాకు తెలియదు కానీ దించేయండి. సెరెబ్రల్ పాల్సీని 1860ల్లో విలియం లిటిల్ అనే లండన్ డాక్టర్ వివరించినప్పుడు, కాన్పు కష్టమై బిడ్డకి ఊపిరి అందకపోవడమే కారణమన్నారు. అప్పట్లో నరాల డాక్టర్‌గా పనిచేస్తున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లోనే దానిమీద అనుమానం వ్యక్తం చేశారు, కొందరిలో మూలం కాన్పుకి ముందే కడుపులో ఉండొచ్చని, కష్టమైన కాన్పు దాని ఫలితమేమోనని. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాలు ఆయన వైపే మొగ్గాయి. నెలలు నిండకముందే పుట్టడం, కడుపులో ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్లు, మెదడుకి రక్తం అందకపోవడం, జన్యువుల తేడాలు, ఇలా కారణాలు చాలా, ఎన్నో కేసుల్లో ఫలానా అని తేల్చలేరు కూడా. ఆఫీసుకి వెళ్లి కుర్చీలో కూర్చుని పనిచేయడం ఆ కారణాల్లో లేదు.

తల్లిని నిందించడం పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా చేసిన పనే, అది కూడా తెలుసుకోండి. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ప్రేమ లేని మంచుగడ్డలని, వాళ్లవల్లే పిల్లలు అలా అయ్యారని కొన్ని దశాబ్దాల పాటు నిపుణులే చెప్పారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ దానిమీద పుస్తకమే రాశారు. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయనకే ఆటిజం ఉన్న కొడుకున్నాడు, ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిన విషయమని పుస్తకం రాసి చూపించినా నింద పోవడానికి చాలా కాలం పట్టింది. ఎంతమంది తల్లులు చెయ్యని తప్పుకి కుమిలిపోయి ఉంటారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. మీరు ఆ వరసలో చేరకండి.

ఇంకో అనుమానం మీరు రాయలేదు కానీ ఉండే ఉంటుంది: ఇంకొంచెం ఎక్కువసేపు ఎక్సర్‌సైజులు చేయించి ఉంటే నడిచేవాడేమో అన్నది. కెనడాలో పీటర్ రోజెన్‌బామ్ అనే పిల్లల డాక్టర్, ఆయన బృందం, సెరెబ్రల్ పాల్సీ ఉన్న 657 మంది పిల్లల్ని గమనించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. కదలికల్లో పిల్లలు చేరుకోగలిగిన స్థాయిలో 90 శాతం వరకు తీవ్రత తక్కువ ఉన్నవాళ్లు ఐదేళ్ల లోపు, తీవ్రత ఎక్కువ ఉన్నవాళ్లు మూడేళ్ల లోపే చేరుకుంటున్నారని అందులో తేలింది. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. కానీ దీన్ని ఇంకో వైపు నుంచి చూడండి, ఏడేళ్ల పిల్లాడి నడక ఈ రోజు మీరు మానేసిన ఆ పావుగంట మీద ఆధారపడి లేదు. ఎక్సర్‌సైజులు అవసరమే, కండరాలు బిగుసుకుపోకుండా, తుంటి కీలు జారకుండా, నొప్పి లేకుండా ఉండటానికి, ఆపమని నేను అనడం లేదు. ఏవి తప్పనిసరి, ఏవి రోజు విడిచి రోజు చేసినా పర్వాలేదు అని ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టి అడిగి తేల్చుకోండి. ఒక్కరోజు జ్వరం వచ్చి మీరు చేయించలేకపోతే దానికి శిక్ష వేసుకోకండి.

అదే రోజెన్‌బామ్ 2012లో యాన్ విలెమ్ గోర్టర్ అనే ఇంకో డాక్టర్‌తో కలిసి, ఇలాంటి పిల్లల విషయంలో డాక్టర్లు దేనిమీద దృష్టి పెట్టాలో రాశారు. కుటుంబం, సరదా, స్నేహితులు అన్నవి ఆ జాబితాలో ఉన్నాయి, శరీరం పనితీరు పక్కనే. మీరు వాడికి రోజంతా నర్సుగా, ఫిజియోథెరపిస్టుగా ఉంటున్నారు, అమ్మగా ఎప్పుడుంటున్నారు? ఏ లక్ష్యమూ లేకుండా, ఏ కండరమూ సాగదీయకుండా, ఊరికే వాడి పక్కన పడుకుని నవ్వించే టైమ్ ఒకటి పెట్టుకోండి. అది వాడికి ఎంత కావాలో మీకూ అంతే కావాలి.

మీ నడుము గురించి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నేను వదలను. ఏడేళ్ల వాడు పన్నెండేళ్ల వాడవుతాడు, పద్నాలుగేళ్ల వాడవుతాడు, చేతులతో ఎత్తడం ఎన్నాళ్లు? నడుము వంచకుండా ఎలా ఎత్తాలో నేర్పమని ఫిజియోథెరపిస్టుని అడగండి, నేర్పుతారు. వీల్‌చైర్ ఊసే ఎత్తలేదు మీరు. ఉండి వాడుతుంటే మంచిదే. లేకపోతే, అది తీసుకుంటే నడకని వదులుకున్నట్టే అన్న భయంతో గనక వాయిదా వేస్తుంటే, ఆ భయం వల్ల వాడు ఇల్లు దాటడం లేదు, మీ నడుము విరుగుతోంది. మాటల విషయంలోనూ అంతే. అన్నీ అర్థమవుతాయన్నారు, అలాంటప్పుడు బొమ్మల బోర్డుతోనో ట్యాబ్‌తోనో తనకేం కావాలో చెప్పడం నేర్పొచ్చేమో స్పీచ్ థెరపిస్టుని అడగండి. దానివల్ల మాటలు రావడం ఆగిపోదు. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో ఊహించి ఊహించి అలిసిపోయే పని మీకు కొంత తప్పుతుంది.

మీవారు. ఆయన పక్షం ఆయన రాయలేదు కాబట్టి తీర్పు చెప్పను. మాట్లాడని మగవాళ్లలో బాధ లేదనుకోవద్దు, చాలామందికి అది ఎక్కువ పనిగంటలుగానో, విసుగుగానో, మౌనంగానో బయటికొస్తుంది, వాళ్లని ‘నువ్వెలా ఉన్నావు’ అని ఎవరూ అడగరు కూడా. అడగండి. కానీ ఆయన బాధలో ఉండటం వేరు, రాత్రి మీరొక్కరే మూడు సార్లు లేవడం వేరు. ‘కొంచెం సాయం చేయండి’ అని అడిగితే సాయమే వస్తుంది, బాధ్యత మీదిగానే ఉండిపోతుంది. అందుకని పని మొత్తంగా అప్పగించండి. వారంలో మూడు రాత్రులు వాడిని తిప్పి పడుకోబెట్టడం ఆయనది, ఆ రాత్రులు మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఆదివారం స్నానం, ఎక్సర్‌సైజులు, పొద్దుటి తిండి ఆయనవి, మీరు ఇంట్లో ఉండొద్దు. ఆయన మీలా చేయరు, స్ప్లింట్ పట్టీ వంకరగా కట్టొచ్చు, తినిపించడానికి మీకన్నా ఇంకో అరగంట ఎక్కువ పట్టొచ్చు. పొరబోకుండా ఎలా పట్టుకోవాలి లాంటి ప్రాణం మీదకొచ్చేవి నేర్పండి, మిగతావాటికి తప్పులు పట్టకండి. తండ్రి చేతులు అలా తప్ప నేర్చుకోవు, వాడికీ నాన్న చేయి అలవాటవ్వాలి.

ధైర్యవంతురాలివి అనేవాళ్ల సంగతి కూడా చెబుతాను. వాళ్లు మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ బిరుదు ఇచ్చేశాక ఆ మనిషికి సాయం చేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. ఈసారి ఎవరైనా అంటే, ‘లేదండీ, అలిసిపోయాను, శనివారం రెండు గంటలు వాడి దగ్గర కూర్చోగలరా’ అనండి. కొందరు మాట మారుస్తారు. ఒకరిద్దరు నిజంగా వస్తారు. ఇలాంటి పిల్లలున్న ఇంకో తల్లి స్నేహం దొరికితే మరీ మంచిది, ఆమెకి మీరు మొదటినుంచీ ఏదీ వివరించక్కర్లేదు.

చివరికి మీ అమ్మాయి. ఉత్తరం మొత్తంలో ఆ పిల్లకి రెండే రెండు వాక్యాలు ఇచ్చారు, నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అవే. పదకొండేళ్ల పిల్ల ఏ ఇబ్బందీ పెట్టడం లేదంటే, అమ్మ దగ్గర తన ఇబ్బందికి ఖాళీ లేదని తెలుసుకుని ఊరుకుంటోందేమో. స్కూల్లో ఏం జరిగిందో, తమ్ముడిని చూసి ఎవరైనా ఏమైనా అన్నారో, తనకి ఎప్పుడైనా తమ్ముడి మీద కోపం వస్తుందో, ఇవన్నీ అడగాలి, కోపం వస్తోందని చెబితే తిట్టకూడదు. మీకు ఏడుపొచ్చే హక్కు ఉన్నట్టే ఆ పిల్లకి కోపమొచ్చే హక్కు ఉంది. వారంలో ఒక గంట తమ్ముడు లేకుండా, ఫోన్ లేకుండా తనది. ఆ ఆదివారం ఖాళీని మొదట దీనికే వాడండి.

‘వాడికి అక్క ఉందిలే’ అన్న మాట ఆ పిల్ల వినేలా ఇకనుంచి అనకండి. రేపు పెద్దయ్యాక తమ్ముడిని తనే చూసుకుంటానంటే సంతోషం, అది అప్పటి తన నిర్ణయం. ఇప్పుడే రాసిచ్చేస్తే బరువు తప్ప ఇంకేం మిగలదు. మీ తర్వాత ఎవరు అన్న భయం నిజమైనదే, దాన్ని పనిగా మార్చండి. ఒక నోట్‌బుక్ తీసుకుని వాడు అవునని ఎలా చెబుతాడు, కాదని ఎలా చెబుతాడు, ఏ వైపు తిరిగి పడుకుంటే నిద్రపోతాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, మందులేమిటి, ఎలా పట్టుకుని తినిపించాలి, అన్నీ రాయండి. ఈ విషయాలు ఇప్పుడు మీ ఒక్కరి తలలోనే ఉన్నాయి. రాశాక మీవారు కాకుండా ఇంకో ఇద్దరు పెద్దవాళ్లకి వాడి పనులు నేర్పండి. డబ్బు, సంరక్షణ హక్కుల సంగతి ఒక లాయర్‌ని అడిగి మీ ఇద్దరూ కలిసి కాగితం మీద పెట్టండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఉన్న పనికి ఇంకో పని అవుతుంది. ఈ వారానికి మాత్రం రెండు చాలు: మీవారితో రాత్రుల సంగతి తేల్చుకోవడం, మీ కోసం, వాడి కోసం కాదు, మీ కోసం, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం. నడుము నొప్పీ ఏడుపూ నిద్రలేమీ మూడూ చెప్పండి, నడుముతో ఆపేయకండి.